పోపు పెట్టని ఇల్లు

గుణవతికి అలసట కొత్త కాదు. మలేసియాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోట కూలీల లైన్లలో పుట్టింది. నడక సరిగ్గా రాకముందే తల్లి వెంట తోటకి వెళ్ళింది, బడికి పోవాల్సిన వయసులో కొబ్బరికాయలు కుప్పలు పోసింది, పెళ్ళయ్యాక కలుపు తీసింది. కొబ్బరి కొట్టేసి పామాయిల్ చెట్లు నాటాక, వాటి కింద రాలిన పళ్ళు ఏరి బస్తాలకెత్తడం మొదలుపెట్టింది. అరవై దాటినా అదే పని. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే, చివర మలాయి వాళ్ళ లా తగిలించి "ఉన్నాను లా" అనేది. అంతకు మించి చెప్పడానికి ఆవిడకి ఓపిక ఉండేది కాదు.

మొగుడు సూరిబాబు పొడుగాటి గెడకి కొడవలి కట్టి పామాయిల్ గెలలు కోసేవాడు. కోసి కోసి కుడి భుజం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు పాత మోటార్‌సైకిలు మీద బజారుకి వెళ్ళిరావడం, వాకిట్లో కూర్చోవడం, ఈ రెండే ఆయన పనులు. మాట మాటకీ పన్ను కట్టాలేమో అన్నట్టు మాట్లాడతాడు. కూతురు మాలిని కౌలా సెలంగోర్‌లో అత్తవారింట ఉంది, నెలలు నిండుతున్నాయి. తోట లైన్లు పడగొట్టాక కట్టిన వరస ఇళ్ళలో ఒకటి ఈ మొగుడూ పెళ్ళాలది. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. ఇటువైపు తుమ్మితే అటువైపు నుంచి చిరంజీవ అంటారు.

అటువైపు ఉండేది రాజమ్మాళ్. తల్లి తెలుగు, తండ్రి తమిళం. ఇంట్లో అరవమే గానీ గుణవతితో రెండూ కలిపి మాట్లాడుతుంది. రోజూ మధ్యాహ్నం వచ్చి టీవీ ముందు చతికిలబడి, సీరియల్‌లో అత్తని తిట్టి, టీ తాగి వెళ్తుంది. భక్తి ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. కొడుకు పువనేశన్ మంచివాడే. పేటలో వాలంటీర్ల దళంలో చేరి, కాగితాలు లేని పరదేశీల కోసం తనిఖీకి వచ్చే అధికార్లకి దారి చూపిస్తుంటాడు. ఏ ఇంట్లో ఎవరుంటారో వాడికి కంఠోపాఠం.

అలాంటి ఇంటి పక్క ఇంట్లోకి జోహ్రా వచ్చి పడింది.

జోహ్రాది బర్మా. అక్కడి రొహింగ్యాల మనిషి. ఆమె మొగుడు గుణవతి పళ్ళు ఏరే తోటలోనే గెలలు కోసేవాడు. తోట చివర రేకుల షెడ్డులో, కొంగ్సి అంటారు దాన్ని, నాలుగైదు కుటుంబాలతో పాటు ఉండేవాళ్ళు. ఒకరోజు పొద్దున తనిఖీ లారీలు నేరుగా కొంగ్సి ముందే ఆగాయి. మొగుణ్ణి ఎక్కించుకుని పోయారు. కాలువ దగ్గర బట్టలు ఉతుకుతున్న జోహ్రా, ఆ కేకలు విని ఇద్దరు ఆడపిల్లల్నీ లాక్కుని చెట్ల వరసల్లోంచి నడిచి, గుణవతి ఇంటి వెనక తలుపు తట్టింది. ఈ దేశంలో ఆమెకి పేరు తెలిసిన ఇల్లు అదొక్కటే.

గుణవతి పుణ్యానికి పోయి తలుపు తీసిందనుకుంటే పొరపాటు. ఎవరో తట్టారు కాబట్టి తీసింది. కూర్చోమంది, టీ ఇచ్చింది. టీ తాగి వెళ్తారనుకుంది. టీ అయిపోయింది, వాళ్ళు వెళ్ళలేదు. వెళ్ళమని చెప్పడానికి నోరు తెరిచేసరికి చిన్నది, ఆస్మా, దగ్గు వచ్చి ఓణీ అంచు నోట్లో కుక్కుకుంది. దగ్గంతా గుడ్డలోకే పోయింది, చప్పుడు బయటికి రాలేదు. ఎవరు నేర్పారని గుణవతి మలాయిలో అడిగింది. పడవలో నేర్చుకుందని తల్లి చెప్పింది. ఆ తర్వాత వెళ్ళమనే మాట గుణవతి ఎత్తలేదు. తాను దూర సందు లేదు మెడకో డోలని తనని తానే తిట్టుకుంటూ వెనక గదిలో చాప పరిచింది.

జోహ్రా తన కథ చెప్పింది గానీ ఏడుస్తూ చెప్పలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఒక సైన్యం ఇళ్ళు కాల్చిందట. ఇంకో సైన్యం వచ్చి మగపిల్లల్ని తుపాకులు మొయ్యడానికి పట్టుకుపోయిందట. తమ్ముడు అలా పోయినవాడే. పొదల్లో కొన్నాళ్ళు, శిబిరంలో కొన్నాళ్ళు, సముద్రం మీద కొన్నాళ్ళు. ఆమె దగ్గర ఐక్యరాజ్యసమితి వాళ్ళిచ్చిన కార్డు ఉంది. దాన్ని చూసి వదిలేసేవాళ్ళూ ఉంటారు, చూసి కూడా లారీ ఎక్కించేవాళ్ళూ ఉంటారు. కౌలాలంపూర్‌లో పినతండ్రి కొడుకున్నాడు, దారిలో తనిఖీలు తగ్గాక కారు తెస్తానన్నాడు. అంతవరకూ ఎక్కడో ఒకచోట ఉండాలి.

వాళ్ళు ఎలా ఉండేవారంటే, వంటింట్లో ఉన్న గుణవతికే వెనక గదిలో మనుషులున్నారన్న సంగతి మరపుకొచ్చేది. కుళాయి సన్నగా తిప్పి గోడ వెంబడి నీళ్ళు జారనిచ్చేవారు. సందులో అడుగుల చప్పుడు వినబడితే పెద్దది తస్లీమా, ఎవరూ చెప్పకుండానే చెల్లెలి నోటి మీద చెయ్యి వేసేది. చెల్లెలు ఆ చేతిని తోసేసేది కాదు. ఏడవని పిల్లల్ని చూస్తే గుణవతికి భయం వేసింది. మాలిని ఆ వయసులో లైన్లు ఎగిరిపోయేలా ఏడ్చేది.

అంతా బాగానే ఉంది గానీ మధ్యాహ్నం కాగానే రాజమ్మాళ్ సీరియల్‌కి వచ్చేస్తుంది. మొదటిరోజు గుణవతి తలనొప్పని చెప్పి పంపించేసింది. రెండోరోజు తలనొప్పికి మందు పట్టుకొచ్చింది మహాతల్లి. ఈలోగా తనిఖీవాళ్ళు వరస ఇళ్ళు కూడా చూస్తారని పువనేశన్ వాకిట్లో ఎవరితోనో అంటుంటే విన్నారు. పట్టుబడితే జోహ్రాకే కాదు, దాచినవాళ్ళకీ జైలే. సూరిబాబు ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు.

అప్పుడు గుణవతికి తల్లి గుర్తొచ్చింది. తల్లి పేరు చెబితే గుర్తొచ్చేది ఎప్పుడూ పనే. ఒక్కసారి మాత్రం ఆవిడ ఇంట్లో ఉంది. గుణవతికి ఆటలమ్మ పోసినప్పుడు. గుమ్మానికి వేపమండ కట్టగానే లైను మొత్తం చప్పుడు తగ్గించేసింది. తెల్లారకముందే తలుపులు బాది జనాన్ని పనికి తోలే కంగాణీ, ఆ వేపమండ చూసి చెప్పులు విప్పి దూరం నుంచే దణ్ణం పెట్టి పోయాడు. కంగాణీ చేత దణ్ణం పెట్టించుకున్న ఇల్లు అదొక్కటే. తల్లి కూతురి పక్కన పడుకుని పగలంతా నిద్రపోయింది.

"అమ్మోరు వొచ్చిందని కడదామా మావా?" అంది గుణవతి.

సూరిబాబు చెంప తడుముకున్నాడు. ఆయన ముఖం నిండా చిన్నప్పటి అమ్మోరి మచ్చలే. అమ్మోరితో ఆటలొద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. తర్వాత లేచి వెళ్ళి వేపమండ విరుచుకొచ్చాడు. ఆయనకి మళ్ళీ పోసిందంటే ఎవరూ నమ్మరు కాబట్టి, చిన్నప్పుడు సరిగ్గా పొయ్యక మిగిలిపోయిన అమ్మోరు గుణవతి మీదకే ఇప్పుడు వచ్చిందని వరసంతా చెప్పారు.

మంత్రం వేసినట్టు పనిచేసింది. రాజమ్మాళ్ గేటు దగ్గరే ఆగిపోయి చెంపలు వేసుకుంది. అరుగు మీద కొబ్బరిబోండాలు, మజ్జిగ, గుమ్మడికాయ ముక్కలు పెట్టి జనం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. కూతురు ఫోన్లో ఏడ్చి వస్తానంది. కడుపుతో ఉన్నదానివి గడప తొక్కకూడదని ఆమెకీ అబద్ధమే చెప్పాల్సి వచ్చింది. అది మాత్రం గుణవతికి ముల్లులా గుచ్చుకుంది.

అబద్ధం ఎటూ ఆడింది, నియమమైనా తప్పకూడదనుకుంది. తల దువ్వలేదు. చేప వండలేదు. అమ్మోరున్న ఇంట్లో నూనె కాగకూడదు, పోపు చిటపటలాడకూడదు, ఆ ఘాటు తల్లికి మంట. కాబట్టి అందరికీ మజ్జిగన్నం, ఉడకబెట్టిన గుమ్మడికాయ. పిల్లలు మారు మాటాడకుండా తిన్నారు. గుణవతి పనికి వెళ్ళలేదు, ఎవరూ రమ్మనలేదు. పగటిపూట మంచం మీద నడుం వాల్చడం ఆవిడకి అదే మొదలు. సుఖంగా ఉంటుందనుకుంది గానీ, పడుకునేసరికి ఇన్నేళ్ళ నొప్పులన్నీ వరసకట్టి వచ్చాయి. జోహ్రా అడగకుండానే వచ్చి కాళ్ళు పట్టింది. వద్దనే ఓపిక లేక పట్టనిచ్చింది. పేటలోని నూకాలమ్మ గుడివైపు తల పెట్టుకుని, తప్పు కాయి తల్లీ, దెబ్బ కొడితే నన్నే కొట్టు అని మనసులోనే అనుకునేది.

పులి మీద పుట్రలా ఆస్మాకి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలింది. మజ్జిగన్నం నోట పెడితే ఉమ్మేసింది. రెండుపూటలా ఏమీ తినలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేదు. సూరిబాబు తెచ్చిన జ్వరం మందు వేశారు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. జోహ్రా పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మూడు దేశాలు దాటినప్పుడు రాని భయం ఆమె ముఖంలో అప్పుడు కనబడింది.

జ్వరం పడ్డ నోటికి చారు కావాలి. గుణవతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చింతపండు పిసికింది, మిరియాలు, వెల్లుల్లి దంచి వేసింది, మరిగించింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ముందు రాత్రి నిద్ర లేదు. గరిటె పొయ్యి మీద పెట్టింది, నూనె పోసింది, ఆవాలూ ఎండుమిరపకాయా వేసింది. ఏళ్ళ తరబడి రోజూ చేసిన చెయ్యి, మనిషిని అడగకుండా చేసేసింది. ఆవాలు చిటపటమన్నాయి. మిరప ఘాటు గుప్పుమని గోడ దాటింది. అప్పటికి గాని గుణవతి మెలకువలోకి రాలేదు. గరిటె అలా పట్టుకుని నిలబడిపోయింది.

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి గేటు కిర్రుమంది. రాజమ్మాళ్ గుమ్మం దాకా వచ్చింది, గడప దాటలేదు. అరుస్తుందనుకుంది గుణవతి. రాజమ్మాళ్ గొంతు తగ్గించే అడిగింది.

"పోపు ఎవరు పెట్టినారక్కా?"

గుణవతి గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మ ఉన్న ఇంట్లో పోపు పెడతారా? నువ్వు పెడతావా? అయితే అమ్మ ఉందా లేదా, అది సెప్పు."

ఇంకో అబద్ధం ఆడొచ్చు. తెలియక సూరిబాబు పెట్టాడనొచ్చు. ఆ అబద్ధం అల్లే శక్తి కూడా గుణవతిలో మిగల్లేదు. వేపమండ కిందే గుమ్మానికి ఆనుకుని కూలబడింది.

"రాలేదు రాజమ్మా. నానే కట్టినాను. లోపల మూడు పేణాలున్నాయి. ఇంకేటి సేసేది నాను?"

రాజమ్మాళ్‌కి మూడు ప్రాణాల సంగతి వెంటనే బుర్రకెక్కలేదు. అమ్మవారి పేరు పెట్టి అబద్ధమాడటం దగ్గరే ఆగిపోయింది. అరవంలోకి దిగి, ఇన్ని రోజులు బోండాలు మోసి పెట్టానే, గుడిలో నీ పేర దీపం పెట్టానే, అమ్మతో వ్యాపారం చేస్తావా అని తిట్టింది. ఆ తర్వాత లోపల ఎవరని అడిగింది. అడుగుతూనే అర్థం చేసుకుంది. ఆ మనుషులంటే ఆవిడకి మొదటినుంచీ గిట్టదు. మన నోటికాడి పని లాక్కుంటున్నారని వాకిట్లో చాలాసార్లు అంది కూడా. పువనేశన్‌కి చెప్పక తప్పదని వెనక్కి తిరిగింది.

జోహ్రాకి తెలుగూ రాదు, అరవమూ రాదు. గొంతులు చాలు కదా. ఇన్నాళ్ళూ ముందుగది కిటికీ దరిదాపులకి కూడా రాని మనిషి, పిల్లని భుజాన వేసుకుని నడిచొచ్చి, పట్టపగలు గుమ్మంలో రాజమ్మాళ్ ఎదురుగా నిలబడింది. కొంగ్సిలో నేర్చిన మలాయిలో ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది.

"మీ అబ్బాయిని పిలవండి. ఈ మక్‌చిక్‌కి మేము ఎవరమో తెలియదు. వెనక తలుపు నేనే విరగ్గొట్టి దూరాను, బెదిరించి ఉన్నాను. అలాగే చెప్తాను. ఈవిడని ఏమీ చెయ్యొద్దని చెప్పండి."

మక్‌చిక్ అంటే మలాయిలో పిన్ని. గుణవతి ఆ మాటలు విని, కాదని తల ఊపుతూ లేవబోయింది. రాజమ్మాళ్ చూపు జోహ్రా భుజం మీద వాలి ఉన్న పిల్ల మెడ దగ్గర నిలిచిపోయింది. చెవి కింద, నీటిబొట్టంత పొక్కు. దాని పక్కన ఇంకోటి. రాజమ్మాళ్ గడప దాటింది. పిల్ల చొక్కా అంచు వేలికొసతో ఎత్తి చూసింది. పొట్ట మీదంతా సన్నగా లేస్తున్నాయి.

రాజమ్మాళ్ వెనక్కి వచ్చి చెప్పులు విప్పింది. చేతులు జోడించింది.

"తాయే" అంది. అరవంలో అమ్మా అని.

అమ్మ ఎవరి మీదకి వస్తే ఆ మనిషే అమ్మ. కులమేమిటి, దేశమేమిటి, కాగితాలున్నాయా అని ఎవరూ అడగరు. ఆ ఒంటి మీద చెయ్యి వెయ్యరు, ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టరు, వినబడేలా కటువు మాట కూడా అనరు. రాజమ్మాళ్ పుట్టినప్పటినుంచీ ఎరిగిన సంగతి ఇది. ఇష్టం లేని అతిథి ఒంటి మీదే దేవత వచ్చి కూర్చుంది. కోపం పోలేదు, పోగొట్టుకోవడానికి ప్రయత్నించనూ లేదు. ఆ చారు పారబోసి గిన్నె తోమమంది, పిల్ల కింద వేపాకు పరవమంది, కొబ్బరినీళ్ళు పట్టమంది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గుణవతి ముఖం చూడకుండా చెప్పింది.

"మూడో నీళ్ళు పోసేదాకా నోరెత్తను. అమ్మ ఎళ్ళిపోయినాక నాకు తెలీదక్కా. నా కొడుక్కి నేను అబద్ధం సెప్పను."

ఆవిడ వెళ్ళాక గుణవతి వెక్కి వెక్కి ఏడ్చింది. నన్ను కొట్టమంటే బిడ్డని కొట్టావా తల్లీ అని ఏడ్చింది. కొంగ్సిలో పిల్లలకి ముందే పోసింది, అక్కడినుంచే అంటుకొచ్చింది, నీ అబద్ధానికీ దానికీ సంబంధం లేదని సూరిబాబు చెప్పాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం పెళ్ళయ్యాక అరుదు. గుణవతి సగం నమ్మింది. మిగతా సగం ఇప్పటికీ నమ్మదు.

మర్నాడు పొద్దున్నే తనిఖీవాళ్ళు వరసలోకి వచ్చారు. ఒక్కో ఇల్లూ తలుపు తట్టి చూస్తున్నారు. రాజమ్మాళ్ తన అరుగు మీద చిక్కుళ్ళు వొలుస్తూ కూర్చుంది. పువనేశన్ గుణవతి గేటు దగ్గర ఆగి, వేపమండకేసి చూసి, పెద్దమ్మకి ఇంకా తగ్గలేదా, లోపల ఒకసారి చూడాలంటున్నారని తల్లిని అడిగాడు. గుణవతి లోపల తలుపు సందులోంచి వింటోంది. అబద్ధమైతే రాజమ్మాళ్ చెప్పదు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

"ఇంట్లో అమ్మ ఉంది" అంది రాజమ్మాళ్.

"చూసావా నువ్వు?"

"కళ్ళారా చూసినాను. దణ్ణం పెట్టి రా."

పువనేశన్ టోపీ తీసి, ఉన్నచోటనుంచే దణ్ణం పెట్టాడు. అధికార్లకి మలాయిలో అంటురోగమని చెప్పాడు. వాళ్ళలో ఒకతనికి చిన్నప్పుడు రాలేదట, గబగబా రోడ్డు మీదకి జరిగాడు. వాళ్ళ బూట్ల చప్పుడు పక్క ఇంటికి, ఆ పక్క ఇంటికి వెళ్ళిపోయింది. వెనక గదిలో తస్లీమా చెల్లెలి నోటి మీద వేసిన చెయ్యి చాలాసేపటి దాకా తియ్యలేదు.

మధ్యాహ్నం సూరిబాబు బజారు నుంచి ఫోన్ కబురు మోసుకొచ్చాడు. దారిలో ఇంకా తనిఖీలు జరుగుతున్నాయని, ఇప్పుడప్పుడే కారు తేలేనని, జోహ్రా పినతండ్రి కొడుకు చెప్పాడట. జోహ్రా విని తల ఊపింది. వేపరెమ్మతో పిల్ల వీపు మీద నిమురుతున్న గుణవతిని చూస్తూ, మీ అమ్మ ఎన్నాళ్ళుంటుందని అడిగింది. పొక్కులు ఎండి, పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు మూడుసార్లు పోశాక, చల్లటి చద్దన్నం పెట్టి సాగనంపుతామని గుణవతి చెప్పింది. త్వరగానే పోతుంది, పిల్ల లేచి ఆడుకుంటుంది, భయం లేదంది.

జోహ్రా ముఖంలో సంతోషం రాలేదు. ఇంకొన్నాళ్ళు ఉండమని ఆ అమ్మని అడగొచ్చా అంది.

గుణవతి చేతిలో వేపరెమ్మ ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి వచ్చిన మొక్కు ఒక్కటే. చల్లగా వెళ్ళిపో తల్లీ అని. ఉండిపొమ్మని ఎలా అడుగుతారో ఎవరూ నేర్పలేదు. బిడ్డ ఒంటి మీద పొక్కులు మానకూడదని కోరుకునే తల్లిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. కోపం రావాలి, రాలేదు. ఆ పిల్ల కంటే ఆ తల్లి మీదే ఎక్కువ జాలేసింది.

చాపకి ఆ చివర తస్లీమా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నున్నటి ముఖం, ఒక్క మచ్చ లేదు. గుణవతి ఆ పిల్లకేసి చూసి, తల్లికేసి చూసి, ఏ ఇంట్లోనూ ఏ తల్లితోనూ అనకూడని మాట మలాయిలో మెల్లగా అంది.

"దీనికి మానేసరికి పెద్దదానికి వస్తుంది. ఒక ఇంట్లోకి వచ్చిందంటే అమ్మ ఒక్కరితో పోదు. దిగులు పెట్టుకోకు."

జోహ్రా కళ్ళు మూసుకుని తన దేవుడి పేరేదో తలచుకుంది. తర్వాత లేచి, పెద్ద కూతురి చాప లాక్కొచ్చి, చిన్నదాని చాపకి అంచు కలిపి పరిచింది.